మాగాణి వేరు, చిత్తడి వేరు: అడుగు లోతున మట్టి ఏం చెబుతుంది?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడ మీద పడ్డాక ఊళ్లో ఒక వాదన మొదలైంది. ఇప్పటికీ అది పూర్తిగా చల్లారలేదు. సింగ్‌నగర్ వైపు మునిగిన కాలనీలను చూపించి "అదంతా అసలు నీళ్ల జాగా అండీ, వాటి చోటికి అవి వచ్చాయి" అంటారు కొందరు. "ఎవరు చెప్పారు? మా పెదనాన్న అక్కడ మినుము పండించాడు" అంటారు ఇంకొందరు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదనే నా అనుమానం. నీళ్లు నిలిచే చోట మినుము పండదని ఎక్కడా లేదు, అది ఏ నెలలో అన్నదాన్ని బట్టి ఉంటుంది.

అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు చిత్తడి నేలల మీద మరోసారి ఆదేశాలిచ్చింది. 2.25 హెక్టార్లు, అంటే సుమారు ఐదున్నర ఎకరాలు దాటిన ప్రతి చిత్తడి నేలనూ రాష్ట్రాలు అక్కడికి వెళ్లి చూసి, హద్దులు తేల్చాలని చెప్పింది. ఇస్రో శాటిలైట్ అట్లాస్ లెక్క ప్రకారం దేశంలో అలాంటివి 2,31,195 ఉన్నాయి. పైనుంచి తీసిన ఫొటోలో నీలంగా కనిపించినదాన్ని కిందికి దిగి కాళ్లతో, కళ్లతో సరిచూడటమన్నమాట.

కిందికి దిగినవాడు ఏం చూడాలి? వానాకాలంలో వెళ్తే నీళ్లు కనిపిస్తాయి. ఏప్రిల్లో వెళ్తే బీడు కనిపిస్తుంది. నీళ్లు లేని రోజున కూడా అక్కడ నీళ్లు నిలుస్తాయో లేదో చెప్పగలిగేవి రెండే: అక్కడ మొలిచే మొక్కలు, అక్కడి మట్టి. మొక్కల్ని పొక్లెయిన్‌తో ఒక్క పూటలో చెక్కేయొచ్చు. మట్టి రంగు అంత తొందరగా మారదు.

## "వెట్ ల్యాండ్" అన్న ఒక్క మాటకు మూడు అర్థాలు

గందరగోళం సగం ఇక్కడే పుడుతుంది. గుంటూరులో రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర ఎవరినైనా "వెట్ ల్యాండా?" అని అడిగి చూడండి. "ఆ, మాగాణే" అంటారు. రెవెన్యూ లెక్కలో వెట్ అంటే మాగాణి, డ్రై అంటే మెట్ట. కాల్వ కిందో చెరువు కిందో నీటి వసతి ఉన్న భూమి వెట్. నీళ్లు రాకపోతే ఆ మాగాణి దుమ్ము లేచేంత ఎండిపోవచ్చు, అయినా అడంగల్లో అది మాగాణే. శిస్తు కోసం పుట్టిన మాట అది.

రెండో అర్థం పర్యావరణ చట్టానిది. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం చిత్తడి నేలను చాలా విశాలంగా నిర్వచించింది. సహజమైనదైనా మనుషులు చేసినదైనా, ఏడాది పొడవునా నీళ్లున్నా కొన్నాళ్లే ఉన్నా, మంచినీరైనా ఉప్పునీరైనా అందులోకి వస్తుంది. మన 2017 నాటి చిత్తడి నేలల సంరక్షణ నియమాలు అదే నిర్వచనం తీసుకుని, కొన్నిటిని పక్కన పెట్టాయి. నదీ ప్రవాహ మార్గాలు, వరి పొలాలు, తాగునీటి కోసం తవ్వినవి, చేపల, రొయ్యల సాగుకోసమో ఉప్పుకోసమో నీటిపారుదలకోసమో కట్టినవి ఈ నియమాల కిందికి రావు. కాబట్టి రిజిస్ట్రేషన్ ఆఫీసులో "వెట్" అయిన మాగాణి, ఈ నియమాల ప్రకారం వెట్ ల్యాండ్ కాదు. రెండూ ఇంగ్లిషులో ఒకటే మాట కావడంతో, ఏ వార్త వచ్చినా డెల్టా రైతుకు టెన్షన్.

మూడోది మట్టి శాస్త్రం అర్థం. ఈ వ్యాసం దాని గురించే. పంట పెరిగే కాలంలో నీటితో నిండిపోయి, పై పొరల్లో గాలి లేకుండా పోయేంత కాలం అలాగే ఉండి, ఆ స్థితిలోనే రూపుదిద్దుకున్న మట్టి. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు దీన్ని హైడ్రిక్ సాయిల్ అంటారు. తెలుగులో స్థిరపడిన పేరు లేదు కాబట్టి నేను "చిత్తడి మట్టి" అంటాను. చిత్తడి నేల అంటే మొత్తం జాగా, నీళ్లూ జమ్మూ పక్షులతో సహా. చిత్తడి మట్టి అంటే దాని అడుగున ఉన్న సాక్ష్యం.

ఎన్నాళ్లు నీళ్లుంటే చాలు? అమెరికా వాళ్ల సాంకేతిక ప్రమాణం ప్రకారం వరసగా 14 రోజులు మట్టి నీటితో నిండి, గాలి లేకుండా ఉండాలి. ఒక్క ఏడాది అలా జరిగితే చాలదు, సగానికి పైగా ఏళ్లలో జరగాలి. ఆ లెక్కన వరదొచ్చి వెళ్లిన ప్రతి చోటూ చిత్తడి కాదు. 2024లో కొన్ని వీధుల్లో నీళ్లు వారం దాటి ఉన్నాయి. ఆ ఒక్క వారం మట్టి రంగును మార్చలేదు. ఏటేటా జరిగితేనే ముద్ర పడుతుంది.

## ఊపిరాడని మట్టి, తుప్పు కథ

మట్టి రేణువుల మధ్య సందులుంటాయి. మామూలుగా వాటిలో గాలి ఉంటుంది. నీళ్లు నిండితే గాలి బయటికి పోతుంది. నీటిలోకి ఆక్సిజన్ దిగే వేగం గాలిలో కంటే సుమారు పదివేల రెట్లు తక్కువ. మట్టిలోని సూక్ష్మజీవులు ఉన్న కాస్త ఆక్సిజన్‌ను ఒకట్రెండు రోజుల్లో ఖాళీ చేసేస్తాయి. మన ఎండలకు ఇంకా త్వరగా.

తర్వాత అవి చచ్చిపోతాయా అంటే, లేదు. బంతి భోజనంలో బూరెలు అయిపోతే జనం లేచి వెళ్లిపోరు కదా, ఉన్నదానితో సరిపెట్టుకుంటారు. ఈ జీవులూ అంతే. ఆక్సిజన్ తర్వాత నైట్రేటు, ఆ తర్వాత మాంగనీసు, తర్వాత ఇనుము, తర్వాత సల్ఫేటు, చివరికి బొగ్గుపులుసు వాయువు. వరి మడిలో కాలు పెడితే బుడబుడమని వచ్చే బుడగల్లో ఉండే మీథేన్ ఆ ఆఖరి పంక్తిలో తయారైందే.

ఈ వరసలో మన కంటికి అసలు ఉపయోగపడేది ఇనుము. మట్టికి ఎరుపు, పసుపు, గోధుమ రంగులు ఇచ్చేది తుప్పు రూపంలో ఉన్న ఇనుమే. గాలి లేనప్పుడు సూక్ష్మజీవులు ఈ తుప్పును నీటిలో కరిగే రూపంలోకి మారుస్తాయి. కరిగిన ఇనుముకు రంగు దాదాపు ఉండదు. అది నీటితో జరిగి వెళ్లిపోతుంది. వెనక మిగిలేది తుప్పు వదిలిన రేణువుల అసలు రంగు: బూడిద. కరిగిన ఇనుము ఎక్కడైనా గాలి తగిలే చోటికి చేరితే, ఒక వేరు పక్కకో పాత వానపాము బొరియలోకో, అక్కడ మళ్లీ తుప్పుగా పేరుకుంటుంది. అందుకే చిత్తడి మట్టిని విరిస్తే బూడిద రంగు మీద నారింజ రంగు చుక్కలు, గీతలు కనిపిస్తాయి.

నమ్మకం కుదరకపోతే బోరు నీళ్లు గుర్తు తెచ్చుకోండి. కొన్ని బోర్లలో పట్టినప్పుడు తేటగా ఉన్న నీళ్లు, బకెట్లో రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి ఎర్రబారి అడుగున తుప్పు పట్టుకుంటాయి. మన స్నానాల గదిలో బకెట్టుకు జరిగేదీ, పొలంలో వేరు పక్కన జరిగేదీ ఒకటే.

కుళ్లిన గుడ్డు వాసన సల్ఫేటు దశది. నిజాంపట్నం వైపు మడ అడవుల బురద తవ్వితే గుప్పుమంటుంది, సముద్రపు నీటిలో సల్ఫేటు దండిగా ఉంటుంది కాబట్టి. లోపలి మంచినీటి నేలల్లో ఈ వాసన అంతగా రాదు. రాలేదని చిత్తడి కాదనలేం. విజయవాడలో ఏలూరు కాల్వ గట్టునో రైవస్ కాల్వ గట్టునో నిలబడి వాసన వస్తోంది కదా అని చిత్తడి అనీ అనలేం. మురుగు కలిసిన ఏ బురదైనా ఆ కంపు కొడుతుంది.

## తెనాలి అవతల ఒక గుంట

పోయినేడు సంక్రాంతికి తెనాలి అవతల మా బాబాయి పొలానికి వెళ్లాను, బాపట్లలో అగ్రికల్చర్ చదివిన ఒక స్నేహితుణ్ణి వెంటేసుకుని. వరి కోతలు అయిపోయాయి, మినుము జానెడు ఎత్తు లేచింది. గట్టు వారగా పార పెట్టాం. బాబాయి కాసేపు చూసి "ఏరా, లంకెబిందెలున్నాయని ఎవరన్నా చెప్పారా?" అన్నాడు.

మోకాలి లోతు గుంట చాలు. చూడాల్సిందంతా చాలావరకు పైనుంచి అడుగులోపే ఉంటుంది. స్నేహితుడు గుంట గోడ నుంచి రొట్టెముక్కలా ఒక పలక చెక్కి తీశాడు. ముందు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసన ఉంటే తవ్విన నిమిషంలోనే పట్టుకోవాలట, తర్వాత ఎగిరిపోతుంది. తర్వాత బెడ్డను చేత్తో విరిచాడు, కత్తితో కోయలేదు. కోస్తే ఇనుప గీతలు పులుముకుపోతాయి.

పై జానెడు మట్టి తడి బూడిదలా ఉంది. అందులో వరి దుబ్బుల పాత వేళ్లు వెళ్లిన ప్రతి సన్న బొరియ చుట్టూ నారింజ రంగు గీత, సూదితో కుంకుమ అద్దినట్టు. బాబాయి వంగి చూసి "అది వరి వేరుకు పట్టే ఎరుపే కదరా. నారు పీకేటప్పుడు చూస్తాంగా" అన్నాడు. సరిగ్గా అదే. వరి తన కాండంలోంచి వేళ్లకు గాలి పంపుకుంటుంది. ఆ గాలి తగిలిన చోట ఇనుము తుప్పు పడుతుంది. ఈ వ్యాసంలో ఉన్న రసాయనశాస్త్రం సగం ఆయనకు నలభయ్యేళ్లుగా తెలుసు.

రంగును మాటల్లో చెప్తే పేచీ వస్తుంది. నాకు బూడిద అనిపించింది ఇంకొకరికి గోధుమ అనిపించొచ్చు. అందుకని మట్టి మనుషులు మున్సెల్ రంగుల పుస్తకం వాడతారు. మున్సెల్ అమెరికాలో చిత్రకళ నేర్పిన మాస్టారు. రంగుకు మూడు కొలతలు పెట్టాడు: ఏ జాతి రంగు అన్నది హ్యూ, ఎంత లేత, ఎంత ముదురు అన్నది వాల్యూ, ఎంత నిండుగా ఉంది అన్నది క్రోమా. పుస్తకంలో రంగు బిళ్లలుంటాయి, పక్కన చిల్లులుంటాయి. చిల్లు వెనక మట్టి పెట్టి పోల్చాలి. మట్టి తడిగా ఉండాలి, వెలుగు ఎండ వెలుగై ఉండాలి, కూలింగ్ గ్లాసులు తీసేయాలి. బాబాయి పొలం మట్టి 10 వైఆర్ 4/1 దగ్గర ఆగింది. 10 వైఆర్ అన్నది హ్యూ, 4 వాల్యూ, 1 క్రోమా. క్రోమా 1 అంటే రంగు దాదాపు హరించుకుపోయినట్టే. ప్రమాణాల్లో ముఖ్యమైన గుర్తు ఒకటి ఇలా ఉంటుంది: పొరలో కనీసం 60 శాతం మట్టి, వాల్యూ 4 లేదా పైన, క్రోమా 2 లేదా లోపు ఉండాలి. 4/1, 4/2, 5/2 లాంటి అనుమానపు రంగులైతే తుప్పు మచ్చలు కనీసం 2 శాతం కనిపించాలి. మా గుంటలో మచ్చలు అంతకు బాగా ఎక్కువే.

ఆ తర్వాత స్నేహితుడు ఒక కాగితపు ముక్క తీసి తడి మట్టికి అద్దాడు. డైపిరిడిల్ అనే రసాయనం పూసిన కాగితం. కరిగిన ఇనుము ఉంటే గులాబీ రంగుకు తిరుగుతుంది. తిరగలేదు. అంటే ఆ రోజు ఆ మట్టిలో గాలి ఉంది. కాగితం ఇవాళ్టి సంగతి చెప్తుంది, రంగు ఏళ్ల సంగతి చెప్తుంది. కాగితం తెల్లగా ఉందని చిత్తడి కాదని రాసుకుంటే పొరపాటే. ఆగస్టులో వచ్చి అద్దితే గులాబీ అయ్యేది.

ఇంకో ఆరంగుళాలు దిగేసరికి పార గట్టి పొరకు తగిలింది. ఏటేటా దమ్ము చేయడం వల్ల, ట్రాక్టరు చక్రాల వల్ల బిగిసిపోయిన పొర అది. దాని కింద మట్టి మళ్లీ గోధుమ రంగులోకి తిరిగింది. అసలు కీలకం ఇది. పైన బూడిద, కింద గోధుమ అంటే నీళ్లు పైనుంచి వచ్చి ఆ గట్టి పొర మీద నిలిచాయి. మనుషులు కాల్వ పెట్టి, దమ్ము చేసి నిలబెట్టిన నీళ్లు. భూగర్భ జలం పైకి ఉబికి తయారైన చిత్తడిలో కిందికి పోయే కొద్దీ బూడిద రంగు పెరుగుతుంది. డెల్టా కొసన, రేపల్లె వైపు పల్లపు చేలల్లో రెండూ కలిసే ఉంటాయి, అక్కడ విడదీయడం కష్టం. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. అంటే ఈ నేలలకు కాల్వ నీళ్లు అందడం మొదలై 170 ఏళ్లు. అన్నేళ్లలో మనిషి చేసిన చిత్తడి, ప్రకృతి చేసిన చిత్తడి లాగే కనిపించడంలో వింతేం లేదు.

ఆ పొలం పై మట్టి పరీక్ష పాసైంది. అయినా చట్టం దృష్టిలో అది చిత్తడి నేల కాదు, వరి పొలానికి మినహాయింపు ఉంది. మట్టి చెప్పింది తప్పు కాదు, చట్టమూ తప్పు కాదు. ఇద్దరినీ అడిగిన ప్రశ్నలు వేరు.

## నల్లరేగడి దగ్గర తిప్పలు

ఇక గుంటూరు నుంచి ప్రత్తిపాడు వైపు వెళ్దాం. మిర్చి, పత్తి పండే నల్లరేగడి. ఇక్కడ గుంట తవ్వితే కొత్తవాడు వెంటనే మోసపోతాడు. మట్టి నల్లగా, క్రోమా 1. పుస్తకం చూస్తే చిత్తడి అనిపిస్తుంది. కానీ అక్కడ ఏప్రిల్లో చెయ్యి దూరేంత నెర్రెలు పడతాయి.

రేగడి నలుపుకు నీళ్లు నిలవడం కారణం కాదు. ఉబ్బే స్వభావమున్న సన్నటి బంకమట్టి, దానికి గట్టిగా అంటుకున్న కొద్దిపాటి సేంద్రియ పదార్థం కలిసి ఆ రంగునిస్తాయి. సేంద్రియ పదార్థం చాలా చోట్ల ఒక శాతం కూడా ఉండదు, చూడ్డానికి మాత్రం పేడ ఎరువు కుప్పంత నలుపు. పైగా నెర్రెల్లోకి పై మట్టి రాలి పడుతూ, వానకు ఉబ్బి ఒకదాన్నొకటి తోసుకుంటూ పొరలన్నీ కలగలిసిపోతాయి. బెడ్డల పక్కలు ఒకదాని మీద ఒకటి జారి నున్నగా మెరుస్తుంటాయి. పొర ఏదో చెప్పలేని చోట "ఈ పొరలో ఇంత శాతం" అనే కొలత ఎలా పెట్టాలి?

ఇంకో చిక్కు. జోరు వానకు రేగడి నెర్రెలు మూసుకుని పైన నీళ్లు చెరువులా నిలుస్తాయి. బెడ్డ విరిస్తే లోపల పొడి. పైన ముంపు, లోన ఎండ. నల్లమడ వాగు పొంగినప్పుడు అటువైపు చేలల్లో ఇది చూడొచ్చు. కంటికి కనిపించే నీళ్లను నమ్మి చిత్తడి అంటే తప్పవుతుంది. మట్టి నల్లగానే ఉంది కదా, అది రేగడి లక్షణమే కదా అని కొట్టిపారేసినా తప్పవ్వొచ్చు, ఎందుకంటే రేగడిలోనూ నిజమైన పల్లపు చిత్తడి ఉంటుంది. ఈ నలుపు దాన్ని దాచేస్తుంది, అంతే. ఇలాంటి మట్టిని అమెరికా క్షేత్ర గ్రంథాలు కూడా ఇబ్బంది పెట్టే నేలల కిందే రాస్తాయి.

అప్పుడు చూడాల్సింది నలుపు మీద తుప్పు. వాల్యూ 3 లోపు, క్రోమా 1 లోపు ఉన్న నల్ల పొరలో కూడా వేళ్ల వెంట, బెడ్డల ముఖాల మీద 2 శాతం స్పష్టమైన నారింజ మచ్చలుంటే అది గట్టి గుర్తు. క్రోమా 2 అయితే 5 శాతం కావాలి. మచ్చలు లేవంటే నలుపు ఒక్కటే ఏమీ రుజువు చేయదు. రేగడిలో తెల్ల మచ్చలూ ఉంటాయి. వాటిని ఇనుము పోయిన బూడిద మచ్చలనుకునే ప్రమాదం ఉంది. వెనిగర్ చుక్క వేస్తే బుస్సుమని పొంగిందంటే అది సున్నపు గుళ్ల తాలూకు తెలుపే.

కృష్ణ లంకల్లో దీనికి పూర్తి తిరగబడ్డ సమస్య. కొల్లిపర, కొల్లూరు వైపు లంక భూముల మీదికి కృష్ణ ఎన్నిసార్లు ఎక్కిందో అక్కడివాళ్లను అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తారు. 2009 అక్టోబరు, 2024 సెప్టెంబరు ఆ లెక్కలో తప్పకుండా ఉంటాయి. గుంట తవ్వితే మాత్రం మచ్చలు పెద్దగా కనిపించవు. వరదొచ్చినప్పుడల్లా కొత్త ఒండ్రు, కొత్త ఇసుకమేట పడుతుంది. పారే నీటిలో ఆక్సిజన్ ఉంటుంది, ఇసుకలో సూక్ష్మజీవులకు తిండి ఉండదు, నీళ్లు త్వరగా ఇంకిపోతాయి. అంచెలంచెలుగా పరిచిన పొరలు ఒక్కటే అక్కడ వరద గుర్తు. అరటి తోటవాడికి ఏటా గుండె దడే, మట్టికి మాత్రం ఏమీ తెలియనట్టుంటుంది.

## పాత ముద్రా, ఇప్పటి ముద్రా?

మట్టి సాక్ష్యాన్ని కాదనేవాళ్ల బలమైన వాదన ఇది: "ఆ రంగు ఎప్పటిదో. వందేళ్ల క్రితం మడుగు ఉండి ఉండొచ్చు, డ్రెయిను తవ్వాక నీళ్లు నిలవడం లేదు. పాత రంగు చూపించి ఇవాళ్టి భూమిని ఎలా ముడేస్తారు?" వాదనలో పస ఉంది. ఇనుము పోయిన మట్టికి రంగు తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది. డ్రెయిను పెట్టిన మర్నాటి నుంచి మట్టి గోధుమ రంగులోకి మారదు.

కొంతవరకు దీనికి మట్టిలోనే జవాబు ఉంది, మచ్చ అంచుల్లో. ఇప్పటికీ తడుస్తూ ఆరుతూ ఉన్న మట్టిలో తుప్పు మచ్చ మధ్యలో ముదురుగా, అంచుల్లో మసకగా ఉంటుంది. చీరకు అంటుకున్న కాఫీ మరకలా పక్కకు పాకుతుంది. ఆగిపోయిన పాత మచ్చ గుండుసూది తలలా, మిరియపు గింజలా గట్టిపడి, అంచు తెగ్గోసినట్టుంటుంది. గోటితో తీస్తే ఊడి చేతికొస్తుంది. అలాంటి గుళ్లు మాత్రమే కనిపిస్తే జాగ్రత్తపడాలి. బతికున్న మొక్క వేరు చుట్టూ తుప్పు గీత ఉంటే మాత్రం సందేహం అక్కర్లేదు, ఆ వేరు వయసెంతో ఆ తడి వయసంతే.

ఉదాహరణకు సాగర్ కుడి కాల్వ కట్ట కింద ఒక చేను అనుకుందాం. 1967లో నీళ్లు వదిలే దాకా అది మెట్ట. ఇప్పుడు కాల్వ ఊటతో ఏడాదిలో నాలుగు నెలలు చేను తడిసే ఉంటుంది, గట్టు వారన జమ్ము లేచింది. తవ్వితే వేళ్ల చుట్టూ మసక అంచుల నారింజ. "ఇప్పుడు తడి" అని మట్టి కచ్చితంగా చెప్తుంది. ఎందుకు తడి అన్నది చెప్పదు. కాల్వ లైనింగ్ బాగుచేస్తే ఐదేళ్లలో పోయే తడినీ, భూమి పుట్టినప్పటి నుంచి ఉన్న పల్లాన్నీ అది ఒకే రంగులో రాస్తుంది. ఆ తేడాకు కాల్వ లెక్కలు, ఊరి పెద్దవాళ్ల మాటలు కావాలి.

## మట్టి ఒక్కటి చాలా?

అమెరికా పద్ధతి మూడు కాళ్ల పీట. అక్కడి సైన్యపు ఇంజినీర్ల దళం 1987లో వేసిన కరదీపిక ప్రకారం చిత్తడిని తట్టుకునే మొక్కలు, చిత్తడి మట్టి, నీటి జాడ, మామూలుగా మూడూ దొరకాలి. మన నియమాల్లోని నిర్వచనం నీటి చుట్టూ తిరుగుతుంది, మట్టి ఊసు లేదు. దాని మీద రెండు రకాల అభిప్రాయాలున్నాయి.

ఒకటి, మట్టిని కూడా చేర్చాలన్నది. వేసవిలో తీసిన శాటిలైట్ ఫొటోలో ఎండిన చెరువు బీడులా కనిపిస్తుంది. గుర్రపుడెక్క పరుచుకున్న మడుగు పచ్చటి పొలంలా కనిపిస్తుంది. మొక్కల్ని చెక్కేస్తారు, నీటిని మళ్లిస్తారు, మట్టి మాత్రం మిగులుతుంది. రెండోది, మట్టిని చేరిస్తే డెల్టా మొత్తం పాసవుతుందన్న భయం. అప్పుడు పంట భూమికీ చిత్తడికీ తేడా పోయి, రైతుకు తన పొలం మీద హక్కు ప్రశ్నార్థకమవుతుంది. మా బాబాయి గుంట చూశాక ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. వరి పొలానికి ఉన్న మినహాయింపు తీసేయనంత వరకు ఆ భయానికి చట్టంలో ఆధారం లేదన్నదీ నిజమే.

కొల్లేరు ఈ పేచీకి పెద్ద రూపం. బుడమేరు ఆఖరికి చేరేది అక్కడికే. 1999లో 5వ కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అందులోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. 2008లో హద్దును 3వ కాంటూరుకు కుదించమని శాసనసభ తీర్మానం చేసింది. ఈ గొడవంతా కాంటూరు మీద, అంటే సముద్రమట్టం నుంచి ఎత్తు గీత మీద. కొలవడం తేలిక కాబట్టి ఎత్తును పట్టుకున్నారు. గుంటలు తవ్వుకుంటూ పోతే మట్టి గీసే హద్దు ఆ గీతతో అన్ని చోట్లా కలవదు, కొన్నిచోట్ల లోపలికి, కొన్నిచోట్ల బయటికి పోతుంది. కానీ ఇప్పుడు తవ్వడమూ అంత తేలిక కాదు. చేపల చెరువు తవ్వినప్పుడు అడుగు మట్టి గట్టు మీదికి వచ్చింది, పై మట్టి దాని కింద పడింది. తలకిందులైన పుస్తకంలో పేజీల వరస చదవలేం.

## మెరక కింద

ఆ స్నేహితుడితోనే ఇంకోసారి విజయవాడ శివార్లలో, బుడమేరు కట్టకు కాస్త దూరంలో ఒక వెంచర్లో ఆగాం. ప్లాట్లకు రాళ్లు పాతి ఉన్నాయి. వాచ్‌మన్‌ను అడిగితే "తవ్వుకోండి, మళ్లీ పూడ్చి పోండి" అన్నాడు.

మొదటి రెండున్నర అడుగులు మెరక: ఎర్ర గ్రావెల్, ఇటుక ముక్కలు, ఒక పాల ప్యాకెట్. ఇటుక పొడి చూసి తుప్పు మచ్చ అని నేను ఎగిరాను. స్నేహితుడు నవ్వి దాన్ని గోటితో గీరాడు. ఇటుకకు కోణాలుంటాయి, తుప్పుకు ఉండవు. దాని కింద ఆగర్, అంటే మట్టిని తొలిచి పైకి తీసే మర, దింపితే తీగలా మెలికపడి వచ్చిన మట్టి వేరే ఊరిదేమో అన్నట్టుంది. ముదురు బూడిద, మసక అంచుల నారింజ గీతలు, మధ్యలో గోరంత నత్త గుల్ల. డైపిరిడిల్ కాగితం అద్దితే ఈసారి మెల్లగా గులాబీ తిరిగింది.

ఇది చిత్తడి మట్టేనా? ఇంతకుముందు ఏమిటి అని అడిగితే అవును. అమెరికా వాళ్లు కూడా మెరక వేసిన చోట పాత స్థితి తెలుసుకోవడానికి కింద పూడుకుపోయిన మట్టినే తవ్వి చూస్తారు. ఇప్పుడు ఏమిటి అంటే, పైన ఉన్నది గ్రావెల్, అందులో నీళ్లు నిలవవు. కింద పొర ఇంకా తడిగానే ఉందన్నది మాత్రం ఆ కాగితం చెప్పింది, ఇల్లు కట్టుకునేవాడికి పునాది దగ్గర అది పనికొచ్చే సంగతి. ఈ రెండు ప్రశ్నల్లో ఏది అడగాలన్నది మట్టి తేల్చదు.

వాచ్‌మన్ ఆగర్ కొసనున్న మట్టిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. "ఇక్కడంతా తుంగ ఉండేదండీ. చాపలకి కోసుకెళ్లేవాళ్లు మా వాళ్లు" అన్నాడు. తర్వాత కాలితో మట్టిని గుంటలోకి తోసి, మేం మర్చిపోయిన పాల ప్యాకెట్‌ను కూడా అందులోకే నెట్టాడు.